పాలు అరగని పేగు

చిన్నపిల్లల వార్డుకు కొత్తగా పోయే డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డెబ్బై ఒకటిలో సర్కారు కొలువులో చేరాను, తొంభై ఏడులో దిగిపోయాను. మొదటి ఎనిమిదేళ్లు ఆదిలాబాద్ జిల్లాలో, మిగతాదంతా కరీంనగర్, పెద్దపల్లి చుట్టుపక్కల. ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నానో చెప్పను, దానితో మీకు పని లేదు. ఇన్నేళ్లలో నాకు కాస్త లోతుగా తెలిసిన జాగా ఒకటే, చిన్నపేగు లోపలి గోడ. దాని గురించి చెప్తాను. నా వార్డులో పోయిన ఒక పాప గురించి కూడా చెప్తాను. ఈ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

మా ఇంటి పాలు

మాది జమ్మికుంట దగ్గర ఒక ఊరు. పత్తి, వరి, కొట్టంలో అయిదారు బర్రెలు. ఇంట్లో మనిషి కొంచెం చిక్కితే మా అవ్వ అడిగే మొదటి మాట, "పాలు తాగుతలేవా?" జ్వరం తగ్గితే పాలు, పరీక్షలుంటే పాలు, చెయ్యి విరిగినా పాలే. పాలు ఇంటివాళ్లకు, చల్ల కూలికి వచ్చినవాళ్లకు. ఈ కట్టుబాటును ఎవరూ నోటితో చెప్పలేదు. పొద్దున కూలివాళ్ల పిల్లలు ముంతలు పట్టుకొని కొట్టం దగ్గర నిలబడితే చల్ల పోసి పంపేవాళ్లం. వాళ్లు మా గిన్నెల వైపు చూసేవాళ్లు.

చదువుకునే రోజుల్లో ఇది నన్ను బాధించింది. డాక్టరునయ్యాక అట్లాంటి పిల్లలకు పాలు అందించాలని అనుకున్నాను. ఆ కోరికలో తప్పు లేదు. కాని దాన్ని నేను ఎన్నడూ తరచి చూసుకోలేదు. పేదపిల్లకు చల్ల పొయ్యడం అవమానమనీ, పాలు పొయ్యడం న్యాయమనీ నా మనసులో గట్టిగా నాటుకుపోయింది. అది వైద్యం కాదు, మా ఇంటి కొట్టం.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరుగుతున్నప్పుడు కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో వైద్యం చదువుతున్న నేను ఇంటికి వచ్చి కూర్చున్నాను. వచ్చేముందు మా మాస్టారు ఒకరు లావుపాటి పుస్తకం ఒకటి చేతికిచ్చి, "ఖాళీగా ఉండకు, ఇది చదువు" అన్నారు. జీవకణం గురించిన పుస్తకం. అందులో చిన్నపేగు కణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తీసిన బొమ్మ ఉంది. కణం పైఅంచున వేల కొద్దీ సన్నటి వేళ్లు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే ఎత్తులో. మామూలు సూక్ష్మదర్శినిలో ఇది గీతలాగా కనిపిస్తుంది, కుంచె కొసలాగా ఉందని పాతవాళ్లు దానికి కుంచె అంచు అని పేరు పెట్టారు. విడిగా ఒక్కొక్క వేలిని సూక్ష్మచూషకం అంటారు.

నాకు ఆ బొమ్మ ఎంతో నచ్చింది. పెన్సిలుతో నోటు పుస్తకంలో గీసుకున్నాను. కింద నా మాటల్లో రాసుకున్నాను: పాలచక్కెరను విరిచే ఎంజైము ఈ అంచు మీదే ఉంటుంది, విరేచనాలు పట్టుకుంటే అది అన్నిటికంటే ముందు పోతుంది, అన్నిటికంటే ఆలస్యంగా తిరిగి వస్తుంది. చివరి ఏడు మౌఖిక పరీక్షలో ఇదే అడిగారు. గడగడా చెప్పాను. పరీక్షకు వచ్చిన పెద్దాయన తలెత్తి, "ఎక్కడ చదివినవయ్యా ఇదంతా?" అన్నాడు. బయటికి వచ్చి స్నేహితులకు టీ తాగించాను.

ఆ అంచు సంగతి

ఇప్పుడు నేను చెప్పే వివరాల్లో కొన్ని అప్పటికి ఎవరికీ తెలియవు. ఎనభైలలో కరీంనగర్‌లో ఉన్నప్పుడు ఒక స్నేహితుడు పంపే పత్రికల్లో చదివినవి.

ఒక్కొక్క సూక్ష్మచూషకం లోపల ఆక్టిన్ అనే ప్రోటీను పోగులు ఇరవైకి అటూ ఇటూ నిలువుగా ఉంటాయి. పోగులు ఊరికే నిలబడవు. విల్లిన్, ఫింబ్రిన్ అనే మరో రెండు ప్రోటీన్లు వాటిని పక్కపక్కన కలిపి కట్టలాగా బిగిస్తాయి. కట్టకు, పైనున్న పొరకు మధ్య మయోసిన్ జాతి ప్రోటీను ఒకటి పొట్టి చేతుల్లాగా వరుసగా పట్టుకొని ఉంటుంది. కట్ట మొదలు కిందకు దిగి, కణంలో అడ్డంగా అల్లుకున్న ప్రోటీను వలలో నాటుకుంటుంది. వీటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది విల్లిన్. కణంలో కాల్షియం తక్కువగా ఉన్నంతసేపు అది పోగులను కడుతుంది. కాల్షియం బాగా పెరిగితే అదే ప్రోటీను పోగులను తెంపుతుంది. కట్టేందుకు ఒకటి, తెంపేందుకు మరొకటి అని లేవు.

ఇదంతా నిలబెట్టే పని. అసలు పని పైపొర మీద జరుగుతుంది. మనం తిన్నది చివరిసారి విరిగేది అక్కడే. పిండిపదార్థాన్ని, చక్కెరను, మాంసకృత్తుల ముక్కలను విరిచే ఎంజైములు ఒక కొనతో పొరలో దిగబడి, మిగతా ఒళ్లంతా పేగు లోపలికి చాచి ఉంటాయి. పాలచక్కెరను విరిచేది లాక్టేజ్. అది పాలచక్కెరను రెండు ముక్కలు చేస్తుంది. ముక్కలను పక్కనున్న వేరే ప్రోటీను లోపలికి తీసుకుంటుంది. విరగని పాలచక్కెర లోపలికి పోలేదు. పేగులోనే ఉండి నీళ్లను గుంజుకుంటుంది, కిందికి దిగి పెద్దపేగులో పులుస్తుంది. విరేచనం నీళ్లగా, నురగగా, పుల్లటి వాసనతో వస్తుంది. పిల్లల పిర్రలు ఒరిసిపోయి ఎర్రబడతాయి.

పేగు కణాలు ఎక్కువ రోజులు బతకవు. అడుగున పుట్టి, మూడు నుంచి అయిదు రోజుల్లో, పేగు గోడ మీద మడతలాగా లేచి ఉండే చూషకం కొసకు ఎక్కి రాలిపోతాయి. లాక్టేజ్ నిండుగా ఉండేది పైకి ఎక్కిన ముదురు కణాల మీద. వారాల తరబడి విరేచనాలైన పిల్లల పేగులో ఆ ముదురు కణాలు రాలిపోయి, గోడంతా లేతకణాలే ఉంటాయి. లాక్టేజ్ ఉండదు. పిండిపదార్థాన్ని విరిచే ఎంజైములు మాత్రం కొంత మిగులుతాయి, అవి తొందరగా తిరిగి కూడా వస్తాయి. అందుకే ఆ బిడ్డ గంజి అరిగించుకోగలదు, పాలు అరిగించుకోలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. దీన్ని చదివి పాలు విషమని ఎవరూ అనుకోవద్దు. విరేచనాలు అయ్యే పిల్లలకు తల్లిపాలు ఆపొద్దు. ఎక్కువమంది పిల్లలకు మామూలు పాలు కూడా పడతాయి. నేను చెప్పేది చాలా రోజులు తిండి లేక, చాలా రోజులు విరేచనాలై, పేగు గోడ చెడిన పిల్లల గురించి.

తాలూకా దవాఖాన

నా రెండో ఏడే కరువు వచ్చింది. ఆదిలాబాద్ అడవి పక్కన తాలూకా దవాఖాన. పిల్లల వార్డంటే పన్నెండు మంచాలు. సహాయం కింద పాలపొడి సంచులు వచ్చాయి. నాకు పండుగలాగా అనిపించింది.

పైన పెద్ద డాక్టరు ఉండేవాడు. హైదరాబాద్ మనిషి, అందరూ సాబ్ అనేవాళ్లు. పాసైన తర్వాత ఆయన పుస్తకం తెరిచినట్టు నేను చూడలేదు. రోగి కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఊరికే ఉండేవాడు. నాకు చిరాకుగా ఉండేది. నేను ఆయన కంటే ఎక్కువ చదివినవాణ్నని ఇద్దరికీ తెలుసు. నేను ఆ సంగతి ఆయన్ను మరిచిపోనిచ్చేవాణ్ని కాదు.

వార్డు ఆయా పేరు రాజవ్వ. మెట్‌పల్లి నుంచి వచ్చింది. పిల్లలను తూచడం, పట్టించడం, కడగడం అన్నీ ఆమే. నోరు ఊరుకోదు. "సారు కొత్తల అందరు గిట్లనే ఉరుకుతరు. రెండేండ్లైతే సాబ్ లెక్క కూసుంటరు" అని నా ఎదురుగానే అనేది.

ఆ ఎండాకాలం మారుబాయి వచ్చింది. పదకొండు మైళ్ల అవతల గోండు గూడెం. మొగుడు కరువు పనిలో రోడ్డు మీద ఉన్నాడట. ఎడ్లబండిలో ఒక్కతే, ఒళ్లో ఏడాదిన్నర పాప. పేరు సోంబాయి. మూడు వారాల నుంచి విరేచనాలు. ఒళ్లంతా ఎముకలు, పాదాలకు నీరు. తల్లికి పాలు ఎప్పుడో ఆగిపోయాయి. సెలైన్ ఎక్కించాం. రెండు రోజులకు పాప కళ్లు తెరిచింది, విరేచనాలు కొంచెం తగ్గాయి. మూడో రోజు మూడు గంటలకొకసారి పాలు పట్టించమని రాశాను.

సాబ్ రౌండ్‌కు వచ్చి కాగితం చూశాడు.

"అరె భాయ్, కడుపు ఖరాబున్న బచ్చీకి పాలెందుకు? జర చల్ల పొయ్యి. లేకుంటే గంజి పొయ్యి."

"సార్, దీనికి మాంసకృత్తులు కావాలి. గంజిలో ఏముంటుంది?"

"ఏముంటదో నాకేం ఎరుక? మా అమ్మీ గదే పోసేది. బతికినం."

రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వలేదు. చల్ల అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. పేదపిల్లకు మళ్లీ చల్లేనా అనుకున్నాను. సాబ్ భుజాలు ఎగరేసి పక్క మంచానికి పోయాడు. ఆయన నన్ను ఆపి ఉండవచ్చు, ఆపలేదు. అది ఆయన తప్పు. చిన్నది.

మారుబాయి గ్లాసు చూసి మొహం తిప్పుకుంది.

"మా గూడెంల పాలు పిండం దాదా. గవి దూడయి."

"దూడకు దక్కాలె, నీ బిడ్డకు వద్దా?" అన్నాను.

"సారు, గీమె ముక్కు మూసుకుంటాంది సూడుండ్రి!" అని రాజవ్వ నవ్వింది. "మా దిక్కు పాల కోసం అన్నదమ్ములు కొట్టుకుంటరు. నువ్వేందే తల్లీ, వద్దంటవు?"

మారుబాయి గ్లాసు అందుకుంది. ఎదురు చెప్పేంత తెలుగు ఆమెకు వచ్చు, కాని పక్క మంచం దగ్గరి సాబ్‌తో కలిపి మేము ముగ్గురం, ఆమె ఒక్కతి.

మోరీ దగ్గర

పాలు మొదలుపెట్టిన మరునాడే విరేచనాలు పెరిగాయి. రాజవ్వ గుడ్డ పట్టుకొచ్చి చూపించింది.

"సారు, పిండి పులిసినట్టు వాసనొస్తాంది. నురుగు నురుగుంది. పిర్రలు ఎర్రగైనయి."

నేను దూరం నుంచి చూశాను. రోగం ఇంకా తగ్గలేదు, పట్టించడం ఆపొద్దు అన్నాను. ఆమె చెప్పిన మాటలు మూడేళ్ల కింద నేను చదివిన వాక్యాలే. ఆమె వాటిని గుడ్డలో పట్టుకొచ్చింది. నేను గుర్తుపట్టలేదు.

రెండు రోజులైనాక తగ్గడం మొదలైంది. వాసన పోయింది. విరేచనాలు రోజుకు మూడుకు వచ్చాయి. పాదాల నీరు తీసింది. బరువు కొంచెం పెరిగింది. వారం తిరిగేసరికి సోంబాయి మంచం పట్టె పట్టుకొని నిలబడి రాజవ్వ గాజులు గుంజింది. నేను కాగితం తీసుకపోయి సాబ్‌కు చూపించాను.

"చూడండి సార్. పాలు."

ఆయన కాగితం వైపు చూసి, "మంచిగైతే మంచిదే భాయ్" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నా మాటలో ఉంది.

ఆ మరునాడు పొద్దున రౌండ్‌కు కొంచెం ముందే వచ్చాను. వార్డు వెనక, రోగుల వెంట వచ్చినవాళ్లు వండుకునే పొయ్యిల దగ్గర, మారుబాయి గ్లాసులో పాలు మురుగునీళ్ల మోరీలో పోస్తూ కనిపించింది. పక్కన గిన్నెలో పల్చటి జొన్నగంజి. పాప చంకలో ఉంది, మూతికి గంజి అంటుకొని ఉంది.

నేను అరిచాను. ఏమన్నానో బాగా గుర్తుంది.

"సర్కారు పాలు మోరీల పోస్తవా? కరువుల పిల్లలు సస్తుంటె! నీ బిడ్డ బతుకుడు ఇష్టం లేదా నీకు?"

పొయ్యిల దగ్గరి వాళ్లంతా లేచి నిలబడ్డారు. మారుబాయి భయపడింది. కాని గిన్నె వదలలేదు.

"దీనికి పడ్తలేవు దాదా. రెండు దినాలు పోసిన, పడలే. గంజి పడ్తాంది. సూడు, నవ్వుతాంది."

పాప నిజంగానే నవ్వుతూ ఉంది. నేను గిన్నె తీసుకొని గంజి పారబోశాను.

ఎన్ని రోజుల నుంచి ఇట్లా చేస్తున్నావని అడిగి ఉంటే, పాలు ఆపిన రోజూ విరేచనాలు తగ్గిన రోజూ ఒకటేనని అక్కడే తేలిపోయేది. అడగలేదు. నాకు కనిపించింది దొంగతనం. రాజవ్వను పిలిచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా దగ్గర నిలబడి తాగించమన్నాను. ఇన్ని రోజులు పోయిన పాలకు బదులుగా కొలత పెంచాను కూడా.

రాజవ్వ చెప్పింది చెప్పినట్టు చేసింది. సాయంత్రానికి నురగ మళ్లీ వచ్చింది. రెండో రోజు పాప నిలబడలేదు. మూడో రోజు కళ్లు లోపలికి పోయాయి, ఊపిరి లోతుగా, తొందరగా తీయసాగింది. సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు. తలమీద, చీలమండ దగ్గర, అన్నిచోట్లా వెతికాను. సాబ్ కూడా వచ్చి కూర్చుని వెతికాడు. మధ్యాహ్నం మూడు దాటాక పాప పోయింది.

మారుబాయి ఏడవలేదు, నన్ను తిట్టలేదు. పాపను తన చీర చెంగులో చుట్టుకొని, "బండి దొరుకుతదా?" అని అడిగింది. సాబ్ జీపు పంపించాడు.

తర్వాత నాతో అన్నాడు, "పరేషాన్ కాకు. కరువుల గిట్ల అయితయి." కారణం కింద బలహీనత అని రాయమన్నాడు. రాశాను.

రాజవ్వ మాత్రం ఆ సాయంత్రం పాల గిన్నెలు కడుగుతూ కూర్చుండిపోయింది. నేను దగ్గరికి పోయాను.

"నేనే తాగిపిచ్చిన సారు" అంది. "మూతి తిప్పుకుంటాంటె దవడ పట్టి తాగిపిచ్చిన."

నేను తాగించమన్నాను కనుకనే తాగించింది. ఆ మాట నేను అప్పుడు అని ఉండాల్సింది. అనలేదు. ఇంటికి పోయాను.

నోటు పుస్తకం తెరిచింది పదిరోజుల తర్వాత, పై చదువుల పరీక్షకు. బొమ్మ కింద నా చేతిరాతలో ఆ వాక్యం ఉంది. అన్నిటికంటే ముందు పోతుంది.

నేర్చుకున్నదీ నేర్పిందీ

ఆ వారమే సాబ్ దగ్గరికి పోయి, చిక్కిన పిల్లలకు పాలు ఆపుదామన్నాను. ఎందుకని అడిగాడు. పాలచక్కెర గురించి చెప్పాను, సోంబాయి గురించి చెప్పలేదు. ఆయన విన్నాడు. "గంజిల ఏముంటది అంటివి గద" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆయన్ను నేను తక్కువ అంచనా వేశాను. చదవని డాక్టరు ప్రమాదమే, ఇది నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని చదివి, ఎదుట ఉన్నదాన్ని చూడని డాక్టరు అంతకంటే ప్రమాదం. ఎందుకంటే అతణ్ని ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు.

పాలపొడిని పారెయ్యలేం. రాజవ్వ ఒక ఉపాయం చెప్పింది, తోడు పెడదామని. పెరుగులో పాలచక్కెర కొంత తగ్గుతుంది, మాంసకృత్తులు ఉంటాయి. పెరుగు చిలికి, జొన్నగంజిలో కలిపి, కొంచెం నూనె, ఉప్పు వేసి ఇచ్చాం. పిల్లలు నిలబడ్డారు. ఎంతమంది అని చెప్పను, రాసిపెట్టుకోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో నీళ్లలో కలిపి తాగించే ఉప్పు చక్కెర పొట్లాలు వచ్చాయి. అందులోని గుట్టు కూడా ఈ కుంచె అంచు మీదే ఉంది. పేగు చాలావరకు చెడినా, చక్కెరనూ ఉప్పునూ జంటగా లోపలికి తీసుకునే ప్రోటీను పని చేస్తూనే ఉంటుంది. నీళ్లు వాటి వెంట పోతాయి. ఈ ఒక్క సంగతి నా చేతుల్లో బతికించినంతమందిని నా మందులేవీ బతికించలేదు.

కరీంనగర్‌కు వచ్చాక కొత్త డాక్టర్లకు పాఠాలు చెప్పేవాణ్ని. బొగ్గుగనుల కాలనీల నుంచి, పెద్దపల్లి నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. రౌండ్‌లో గుడ్డను మీరే పట్టుకొని వాసన చూడండి అనేవాణ్ని. తల్లిని ముందు అడగాల్సింది ఏం పెట్టావని కాదు, దీనికి ఏం పడుతుందని. బరువు పెరిగితే సంతోషించే ముందు, బిడ్డ నిజంగా ఏం తిన్నదో తెలుసుకోండి. మీరు కాగితం మీద రాసింది, బిడ్డ కడుపులోకి పోయింది ఒకటి కాకపోవచ్చు.

ఈ మాటలు చెప్పేటప్పుడు సోంబాయి కథ చెప్పేవాణ్ని. "ఆదిలాబాద్ దిక్కు ఒక డాక్టరు ఉండేవాడు" అని మొదలుపెట్టేవాణ్ని. ఒకసారి ఒక అమ్మాయి, కొత్తగా చేరిన డాక్టరు, అడిగింది: "ఆ డాక్టరుకు లాక్టేజ్ గురించి తెలియదా సార్?"

"ఆ రోజుల్లో అంత తెలియదమ్మా" అన్నాను.

ఆ ప్రశ్నకు అట్లా జవాబు చెప్పడం అది రెండోసారి.

మొదటిసారి

వరుసలో ఇది ముందే రావాలి. రాయలేక చివరికి పెట్టాను.

పాప పోయిన మూడేళ్లకు మారుబాయి మళ్లీ వచ్చింది. నేను ఇంకా అక్కడే ఉన్నాను. ఈసారి పది నెలల కొడుకు, అవే విరేచనాలు. వార్డు గడప దగ్గర ఆగిపోయింది. లోపలికి రాదు, వెనక్కి పోదు. ఇంకో దవాఖాన ఉంటే అక్కడికే పోయేది.

రాజవ్వ ఎదురుపోయింది. "రా బిడ్డా. గిప్పుడు పాలు పోస్తలేం. గంజే పోస్తున్నం. సారే మార్చిండు."

ఆమె నా వైపు చూసింది. నేను కూడా చెప్పాను, "పాలు పొయ్యం." లోపలికి వచ్చింది.

పిల్లవాడు తేరుకున్నాడు. గంజి, చిలికిన పెరుగు, సెలైన్ ఒక్క రోజు. తొమ్మిదో రోజు పంపించేశాం. పోయేముందు మారుబాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. పిల్లవాడు ఆమె పూసలదండ నోట్లో పెట్టుకొని నములుతున్నాడు.

"దాదా, ఒకటి అడుగుత."

"అడుగు."

"పాలు పడవని నీకు ఎప్పటి సంది ఎరుక?"

రాజవ్వ గది అవతల దుప్పట్లు మడతపెడుతూ ఉంది. ఆమె చేతులు ఆగాయి.

నేను ఆలోచించలేదని చెప్పలేను. ఆలోచించాను. అరవై తొమ్మిది నుంచి తెలుసు. పరీక్షలో ఎవరు అడిగినా వెంటనే చెప్పగలిగేవాణ్ని. వార్డులో ఎవరూ ఆ ప్రశ్నను ఆ మాటల్లో అడగలేదు, అంతే. అది తెలియడం కాదని, పుస్తకంలోది పుస్తకంలోనే ఉండిపోయిందని నాకు నేను చాలాసార్లు నచ్చజెప్పుకున్నాను. కాని ఆమె అడిగింది ఎప్పటి నుంచి తెలుసు అని. దానికి జవాబు ఒకటే ఉంది.

"నీ బిడ్డ పోయినంక ఎరుకైంది" అన్నాను.

"గప్పుడు ఎరుక లేకుండెనా?"

"లేకుండె."

మారుబాయి తల ఊపింది. చాలా రోజులుగా మోస్తున్నది ఏదో దించినట్టు ఆమె భుజాలు కిందికి జారాయి.

"ఎరుక లేక చేస్తివి దాదా" అంది. "ఎరుకుంటే ఎందుకు చేస్తవు? నేను గూడెంల గదే చెప్పిన. డాక్టరు చెడ్డోడు కాదు, ఎరుక లేదు అని. మా ఆయన వినలే. గిప్పుడు చెప్త."

పిల్లవాణ్ని చంకకెత్తుకొని, రాజవ్వకు చెప్పి, పోయింది.

ఆ తర్వాత నేను అక్కడ ఇంకా మూడేళ్లకు పైగా ఉన్నాను. గూడెం పదకొండు మైళ్లు. జీపు ఉంది. టీకాల కోసం ఆ దారిలో ఎన్నోసార్లు పోయాను, ఆ మలుపు దగ్గర డ్రైవరు ఆపాలా అని అడిగేవాడు, వద్దనేవాణ్ని. నిజం చెప్తే ఆమెకు మిగిలిన నెమ్మది కూడా పోతుందని నాకు నేను చెప్పుకునేవాణ్ని. కొలువు దిగిపోయాక ఒకసారి పోయాను. మారుబాయి చనిపోయి నాలుగేళ్లైందని చెప్పారు. ఎవరు మీరని అడిగితే, ఒకప్పుడు తాలూకా దవాఖానలో డాక్టరునని చెప్పాను. అక్కడున్న ముసలాయన, ఆమె మొగుడని తర్వాత తెలిసింది, నన్ను మంచం మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "మారుబాయి చెప్తుండె నీ గురించి" అన్నాడు. "మంచోడు, పాపం అప్పుడు ఎరుక లేకుండె అని."

నీళ్లు తాగాను. లేచి వచ్చేశాను.

ఆమె క్షమించింది తెలియక చేసిన డాక్టరును. ఆ రోజు ఆ వార్డులో అట్లాంటి డాక్టరు లేడు.